ఏ4 పీడీఎఫ్‌లకు మొదటి ఈ-రీడర్: 6 అంగుళాలు చాలా, 10.3 కావాలా?

#1 కొత్తపేజీ

నమస్తే అండీ. రోజూ గంటల తరబడి పీడీఎఫ్‌లు వరసగా చదవాలి, ఫోన్‌లో చదివితే కళ్లు లాగుతున్నాయి. అందుకని మొదటి ఈ-రీడర్ కొనాలి. ఫైళ్లు మూడు రకాలు. ఆర్కైవ్ సైటు నుంచి దించుకున్న పాత తెలుగు పుస్తకాల స్కాన్లు, ఏ4లో డీటీపీ చేసిన తెలుగు మీడియం పోటీ పరీక్షల నోట్సు, రెండు కాలమ్‌లలో ఉండే ఇంగ్లీషు రీసెర్చ్ పేపర్లు. బడ్జెట్ 15 వేలు, తప్పదంటే ఇంకాస్త సాగుతుంది. 6 అంగుళాల కిండిల్ చాలని కొందరు, 10కి తగ్గితే డబ్బు దండగని ఇంకొందరు. ఎవరి మాట వినాలి?

#2 కొలబద్ద

ఇద్దరి మాటా సగమే వినండి. వాళ్లు చదివే ఫైళ్లు వేరు, మీవి వేరు.

ఈపబ్‌లో (మామూలు ఈ-పుస్తకాల ఫార్మాట్) అక్షరం పెద్దది చేస్తే పదాలు సర్దుకుని కింది వరసలోకి జరుగుతాయి. పీడీఎఫ్‌లో అలా జరగదు. అది అచ్చు వేసేసిన పేజీ. పెద్దది చేస్తే పేజీ మొత్తం సాగి అంచులు తెర బయటికి పోతాయి. అందుకే కంపెనీ ఏది, మోడల్ ఏది అన్నది తర్వాత. ముందు మీ పేజీ ఎన్ని మిల్లీమీటర్లు, తెర ఎన్ని మిల్లీమీటర్లు అన్నది చూడండి.

చుట్టూ ఉండే పట్టీ తీసేసి, అచ్చంగా తెర కొలతలు ఇవి:

6 అంగుళాలు: 91 × 122 మి.మీ.
7 అంగుళాలు: 107 × 142
7.8 అంగుళాలు: 119 × 158
10.3 అంగుళాలు: 157 × 209
13.3 అంగుళాలు: 203 × 270

ఏ4 కాగితం 210 × 297. అంటే 13.3 కూడా ఏ4 కన్నా చిన్నదే.

పైసా ఖర్చు లేకుండా చూడాలంటే ఏ4 కాగితాన్ని మధ్యకి ఒక మడత పెట్టండి. వచ్చింది 148 × 210, దాదాపుగా 10.3 తెర. ఇంకో మడత పెడితే 105 × 148, దాదాపుగా 7 అంగుళాల తెర. తర్వాత మీ నోట్సులో అన్నిటికన్నా ఇరుకుగా ఉన్న పేజీ ఒకటి ప్రింటు తీసి, జిరాక్స్ షాపులో 70 శాతానికి తగ్గించి ఒక కాపీ, 50 శాతానికి తగ్గించి ఒక కాపీ తీయించండి. 10.3లో పేజీ మొత్తం ఒకేసారి చూస్తే మొదటి కాపీలా, 7లో చూస్తే రెండో కాపీలా ఉంటుంది. 12 పాయింట్ల అక్షరం మొదటి దాంట్లో 8.4 పాయింట్లు, రెండో దాంట్లో 6.

ఇంగ్లీషు ఫోరాల్లో "8 పాయింట్లు ఉంటే హాయిగా చదవొచ్చు" అని రాస్తారు. మనకి ఆ లెక్క సరిపోదు. తెలుగు వరసలో పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, మూడూ ఆ ఎత్తులోనే ఇరుక్కోవాలి. "రాష్ట్రము"లో ష కింద ఉన్న రెండు ఒత్తులూ విడివిడిగా కనిపిస్తున్నాయా లేదా అని ఆ జిరాక్స్‌లో చూడండి. కనిపించకపోతే ఆ తెర మీకు కాదు.

#3 మార్జిన్_కత్తెర

కొలబద్ద గారి లెక్కలో తప్పు లేదు గానీ, మార్జిన్లతో సహా చదివేవాళ్లెవరండీ? పేజీని కాదు, పేజీలో అక్షరాలున్న దిమ్మెని కొలవాలి. ఏ4 నోట్సులో ఆ దిమ్మె మామూలుగా 170 × 250 దాకా ఉంటుంది. చుట్టూ ఉన్న తెలుపు కోసేస్తే 10.3 తెరలో 70 శాతం కాస్తా 84 అవుతుంది. 12 పాయింట్లు 10 అవుతాయి. అది హాయిగా చదవొచ్చు.

చిన్న తెరలకి ఇంకో ఉపాయం ఉంది, అడ్డంగా తిప్పడం. అప్పుడు తెర పొడవే వెడల్పవుతుంది. 170 మి.మీ. దిమ్మెకి లెక్క ఇదీ:

6 అంగుళాలు అడ్డంగా 122: 72 శాతం, 8.6 పాయింట్లు
7 అంగుళాలు అడ్డంగా 142: 84 శాతం, 10 పాయింట్లు
7.8 అడ్డంగా 158: 93 శాతం, 11 పాయింట్లు

గమనించారా, 7 అంగుళాలది అడ్డంగా పెడితే 10.3 నిలువుగా పెట్టినంత అక్షరం వస్తుంది. తేడా ఏంటంటే పేజీ రెండు ముక్కలుగా వస్తుంది, పై సగం, కింది సగం. ఈ తెరలన్నీ 4:3 నిష్పత్తికి దగ్గరగానే ఉంటాయి కాబట్టి ఏ సైజు తీసుకున్నా ముక్కలు రెండే. వరసగా చదువుకుపోయే పుస్తకానికి ఇది ఇబ్బంది కాదు. పట్టికలు, పటాలు ఉన్న పేజీకి మాత్రం చిరాకు. కుడివైపు పటం చూస్తూ కింద ప్రశ్న చదవాలంటే ముందుకీ వెనక్కీ నొక్కుతూ ఉండాలి.

#4 డబుల్‌కాలమ్

మూడో రకం ఫైళ్ల గురించి ఒక మాట. రెండు కాలమ్‌ల పేపర్లకి పెద్ద తెర తప్పనిసరి అనుకుంటారు. నిజానికి ఉల్టా. ఐఈఈఈ (ఇంజనీర్ల సంస్థ) పద్ధతి పేపర్లో ఒక్కో కాలమ్ 3.5 అంగుళాలు, అంటే 89 మి.మీ. 6 అంగుళాల తెర వెడల్పు 91. కాలమ్ అచ్చంగా అసలు సైజులోనే కూర్చుంటుంది! ఏ4 సింగిల్ కాలమ్ కన్నా ఇవే చిన్న తెరకి అనుకూలం.

కాకపోతే కాలమ్ వెంట కిందికి దిగి, మళ్లీ పక్క కాలమ్ పైకి వెళ్లే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. కోరీడర్ అనే ఉచిత చదివే ప్రోగ్రాంలో ఉంది, బూక్స్ అనే ఈ-రీడర్ కంపెనీ వాళ్ల సొంత చదివే యాప్‌లో ఉంది. లేని మెషీన్ అయితే లాప్‌టాప్‌లో బ్రిస్ అనే ఉచిత ప్రోగ్రాం వాడండి. అది పేజీలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి నీడలా చూపిస్తుంది, సరిసంఖ్య పేజీలు వేరు, బేసి పేజీలు వేరు. ఎడమ కాలమ్ మీద ఒక పెట్టె, కుడి కాలమ్ మీద ఒక పెట్టె గీస్తే ఒక్కో పేజీ రెండు పేజీలై బయటికొస్తుంది. సింగిల్ కాలమ్ నోట్సుకైతే ఒకటే పెట్టె, మార్జిన్లు పోతాయి. రెండు కాలమ్‌ల మీదుగా పరుచుకున్న బొమ్మలు మాత్రం మధ్యకి తెగుతాయి. అందుకని అసలు ఫైలు కూడా మెషీన్‌లో ఉంచుకోండి.

బ్రిస్ కోసినంత మాత్రాన ఫైలు సైజు తగ్గదు. కోసిన భాగం లోపలే దాగి ఉంటుంది, చూపించదు అంతే.

#5 కొత్తపేజీ

అందరికీ థాంక్సండీ. స్కేలు పెట్టి కొలిచా. నోట్సులో అక్షరాల దిమ్మె 172 × 248. స్కాన్ పుస్తకాలు ఎక్కువగా డెమీ సైజు, దిమ్మె సుమారు 105 × 170. జిరాక్స్ కూడా తీయించా. 70 శాతం కాపీ పర్వాలేదు, 50 శాతంలో "రాష్ట్రము" ఒక నల్ల మచ్చ.

ఇంకో సందేహం. కిండిల్‌లో తెలుగు రాదని ఎక్కడో చదివా. నిజమేనా?

#6 ఒత్తులశాస్త్రి

రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. 2016లో అమెజాన్ కిండిల్‌కి భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఆ మాటే తిరిగి తిరిగి మీ దాకా వచ్చింది. అది అమ్మే పుస్తకాల సంగతి. పీడీఎఫ్‌లో అక్షరాల ఆకారాలు మామూలుగా ఫైల్లోనే ఉంటాయి కాబట్టి తెలుగైనా గ్రీకైనా ఏ రీడర్‌లోనైనా ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.

చిక్కంతా పీడీఎఫ్‌ని ఈపబ్‌గానో కిండిల్ ఫార్మాట్‌గానో మార్చబోతేనే. మార్చే ముందు ఒక పరీక్ష చెయ్యండి. లాప్‌టాప్‌లో ఫైలు తెరిచి ఒక వరస కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యండి.

ఏమీ సెలెక్ట్ కాకపోతే అది స్కాన్, ఉత్త బొమ్మ. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడితే అది అను ఫాంట్లలో చేసిన డీటీపీ. మన ప్రెస్సుల్లో పేజ్‌మేకర్‌లో కూర్చిన ఫైళ్లు చాలావరకు ఇలాంటివే. వాటికి తెలుగు ముఖమే గానీ లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల కోడు. మెయిల్లో "కన్వర్ట్" అని రాసి కిండిల్‌కి పంపితే ఆ ముఖం పోయి లోపలి కోడు బయటపడుతుంది. "ఫైలు పాడైపోయింది" అని ఫోరాల్లో వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇవే. ఇక తెలుగే పేస్ట్ అయితే యూనికోడ్, అంటే లోపల కూడా తెలుగు కోడే. అయినా నమ్మకండి, ఒత్తులు తారుమారై రావడం మామూలే.

కాబట్టి తెలుగు పీడీఎఫ్‌ని పీడీఎఫ్‌గానే చదవండి. మార్చొద్దు, కొయ్యండి.

#7 పిక్సెల్_పంతులు

శాస్త్రి గారూ, కేటూపీడీఎఫ్ఆప్ట్ అనే ప్రోగ్రాం సంగతి వదిలేశారే? అది అక్షరాల్ని చదవదు కదా, బొమ్మని పదాలుగా కత్తిరించి చిన్న పేజీలో మళ్లీ పేరుస్తుంది. అను ఫాంటైనా స్కానైనా దానికి ఒకటే. కోరీడర్‌లో "రీఫ్లో" నొక్కితే లోపల పనిచేసేదీ అదే.

#8 ఒత్తులశాస్త్రి

చెప్పాల్సిందే, మంచి మాట గుర్తుచేశారు. ఇంగ్లీషుకి అది అద్భుతంగా పనిచేస్తుంది. తెలుగుకి ఎక్కడ దెబ్బతింటుందో చెప్తాను.

అది ఒక వరస ఎక్కడ అయిందో కనిపెట్టేది రెండు వరసల మధ్య ఉన్న తెల్లని ఖాళీని బట్టి. ఇంగ్లీషులో ఆ ఖాళీ ఎప్పుడూ ఉంటుంది. తెలుగులో పై వరస నుంచి "స్త్ర" ఒత్తులు కిందికి వేలాడతాయి, కింది వరస నుంచి "కి" గుడి పైకి లేస్తుంది. వరసలు దగ్గరగా అచ్చువేసిన పాత పుస్తకాల్లో ఆ రెండూ ఒకే ఎత్తులోకి వస్తాయి. ఒక్క పిక్సెల్ వెడల్పు తెల్ల గీత కూడా మిగలదు. అప్పుడు ప్రోగ్రాం రెండు వరసల్నీ కలిపి ఒకటే వరసనుకుని నిలువుగా పదాలు కోస్తుంది. రెండంతస్తుల పదాలు తయారవుతాయి. వరసల మధ్య ఖాళీ ఎక్కువున్న చోట ఇంకో రకం చిక్కు: అక్షరానికి కాస్త ఎడంగా పడిన ఒత్తుల్ని విడి వరసగా లెక్కేసి కింద ఒంటరిగా పడేస్తుంది.

వరసల మధ్య ధారాళంగా జాగా ఉన్న కొత్త డీటీపీ పుస్తకాలకి రీఫ్లో పనిచేస్తుంది. ముందు మధ్యలోంచి ఓ పది పేజీలు ప్రయత్నించి చూడండి, మొదటి పేజీలు చూసి మోసపోవద్దు. కుదరకపోతే అదే ప్రోగ్రాంలో మార్జిన్లు మాత్రం కోసే పద్ధతి, పేజీ వెడల్పుకి సరిపెట్టి ముక్కలు చేసే పద్ధతి ఉన్నాయి. పదాల జోలికి పోవు కాబట్టి ఒత్తులకి ప్రమాదం లేదు.

#9 బీరువా_మూల

స్కాన్ పుస్తకాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఆర్కైవ్ పీడీఎఫ్‌లు చిన్న రీడర్లలో నత్తనడక నడుస్తాయి. పేజీ తిప్పితే మూడు నాలుగు సెకన్లు, ఒక్కోసారి వేలాడిపోవడం. చాలామంది మెషీన్‌ని తిడతారు. అసలు కారణం ఫైలు కట్టిన తీరు. సైజు తగ్గించడానికి పేజీని పొరలుగా విడదీస్తారు, పసుపు కాగితం రంగు ఒక పొర, అక్షరాల ముసుగు ఒక పొర, అందులో రంగు పొర జేపెగ్ 2000 పద్ధతిలో. ప్రతి పేజీకీ ఆ పొరలన్నీ విప్పి కలపాలి. 512 ఎంబీ ర్యామ్, చిన్న ప్రాసెసర్ ఉన్న మెషీన్‌కి అది కొండంత పని. పైగా ఆ పసుపు రంగు ఈ-ఇంక్ (ఈ-రీడర్లలో ఉండే కాగితంలాంటి తెర) మీద బూడిదరంగు అవుతుంది. ఈ-ఇంక్‌లో ఉన్నవే 16 బూడిద ఛాయలు. బూడిద మీద నలుపు చదవాలి, కంటికి శ్రమ.

నాలుగు పుస్తకాలకైతే కోరీడర్‌లో కాంట్రాస్ట్ పెంచుకుని సరిపెట్టుకోండి. 200 ఉంటే, కనీసం ఇష్టమైనవి శుభ్రం చేసుకోవడం మేలు. పీడీఎఫ్ నుంచి బొమ్మలు లాగకండి, పొరలు విడివిడిగా వస్తాయి. ఆర్కైవ్ పేజీలో డౌన్‌లోడ్ జాబితా మొత్తం తెరిస్తే చాలా పుస్తకాలకి ఒక్కో పేజీ ఒక్కో బొమ్మగా ఉన్న జేపీ2 జిప్ ఉంటుంది. అది దించి, బొమ్మల్ని టిఫ్‌లోకి మార్చి, స్కాన్‌టైలర్ అనే ప్రోగ్రాంలో వెయ్యండి. వంకర సరిచెయ్యడం, అక్షరాల దిమ్మె ఎంచుకోవడం, మార్జిన్లు, ఆఖరున అవుట్‌పుట్. అవుట్‌పుట్ నలుపు-తెలుపు, 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు). డెమీ పేజీ 1650 × 2550 పిక్సెళ్లకి వస్తుంది, మన రీడర్లకి అది ధారాళం. తర్వాత అన్నీ కలిపి పీడీఎఫ్ చేసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. అవుట్‌పుట్‌లో చుక్కలు తుడిచే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆపేయండి, లేదా కనిష్ఠంలో పెట్టండి. థ కడుపులో చుక్కని అది దుమ్ము అనుకుంటుంది. ధ కింద గీతనీ అంతే. "కథ"కీ "గాథ"కీ చుక్కపోతే "కధ", "గాధ" అవుతాయి. ఠ లోని చుక్క పోతే అది ర. చదివేవాడికి అర్థమవుతుందిలే అనుకోవచ్చు గానీ పద్యాలూ నిఘంటువులూ అయితే కొంప మునిగినట్టే.

#10 ఎల్‌సీడీ_బాబు

ఇంత తతంగం ఎందుకు బ్రదర్, 11 అంగుళాల ట్యాబ్ కొనుక్కో. రంగులొస్తాయి, జూమ్ చిటికెలో, అదే డబ్బులో వస్తుంది.

#11 కొలబద్ద

బాబూ, ఆ మాటలో న్యాయం ఉంది. పరీక్షల పుస్తకంలో వెనక జవాబులకీ ముందు ప్రశ్నలకీ గెంతుతూ చదివేవాళ్లకి, రంగుల మ్యాపులున్న భూగోళానికి ట్యాబే నయం. ఈ-ఇంక్‌లో పేజీ గెంతడం, జూమ్ చెయ్యడం రెండూ నెమ్మదే. వేగం పెంచే మోడ్ పెడితే పాత పేజీ నీడ మిగిలిపోతుంది. కానీ ఆయన అడిగింది రోజూ గంటల తరబడి కూర్చుని వరసగా చదవడం గురించి, పైగా ఫోన్ చూసే కళ్లు లాగుతున్నాయంటున్నారు.

#12 మార్జిన్_కత్తెర

ఇప్పుడు మెషీన్ల సంగతి. మీ కొలతలకి 6 అంగుళాలు వదిలెయ్యండి. డెమీ స్కాన్‌కి అది 72 శాతం, నోట్సుకి అడ్డంగా పెట్టినా 71. మిగిలినవి:

కిండిల్ పేపర్‌వైట్ 2024 మోడల్, 7 అంగుళాలు, 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు). డెమీ పుస్తకానికి నిలువుగా 84 శాతం వస్తుంది, నోట్సుకి అడ్డంగా 83. పీడీఎఫ్‌లో సౌకర్యాలు తక్కువ కాబట్టి ముందే బ్రిస్‌లో కోసి పంపండి. వెబ్‌సైటు ద్వారా పంపితే ఫైలు 200 ఎంబీ దాకా, మెయిల్లో 50 దాకా. అంతకన్నా పెద్దదైతే కేబుల్. జైల్‌బ్రేక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన తాళం తీసి, కోరీడర్ వేద్దామనే ఆశతో కిండిల్ కొనొద్దు. అది మీ చేతికొచ్చిన పెట్టెలో ఏ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్) ఉందో దాని మీద ఆధారపడుతుంది.

కోబో అయితే జైల్‌బ్రేక్ అక్కర్లేదు. కోరీడర్‌ని తెరిచే మెనూ ఇచ్చే నికెల్‌మెనూ అనే చిన్న ప్రోగ్రాం తాలూకు కోబోరూట్ ఫైలుని కేబుల్‌తో చుక్క-కోబో అనే దాగిన ఫోల్డర్‌లో వేసి, కేబుల్ తీస్తే మెషీన్ తనే రీస్టార్ట్ అవుతుంది. కోరీడర్ ఫోల్డర్ చుక్క-యాడ్స్ ఫోల్డర్లోకి. రెండూ దాగిన ఫోల్డర్లే, లాప్‌టాప్‌లో దాగిన ఫైళ్లు చూపించే ఆప్షన్ ఆన్ చెయ్యకపోతే కనిపించవు. అక్కడే సగం మంది ఆగిపోతారు. కోబో సేజ్ 8 అంగుళాలు, 122 × 163. నోట్సుకి అడ్డంగా 95 శాతం. ఈ మూడు రకాల ఫైళ్లకీ కాగితం మీద చక్కగా కుదిరేది అదే. బయటి నుంచి తెప్పించుకునేట్టయితే వారంటీ ఎవరిస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి.

10.3లో బూక్స్ వాళ్లవి ఆండ్రాయిడ్‌తో వస్తాయి, కోరీడర్ మామూలు యాప్‌లా పడుతుంది. నోట్ ఎయిర్ వరసలోని నలుపు-తెలుపు మోడళ్లలో 227 పీపీఐ, గో 10.3లో 300 పీపీఐ. 227 అంటే ఇంగ్లీషుకి బాగానే ఉంటుంది, తెలుగు ఒత్తులకి మాత్రం 300తో తేడా కనిపిస్తుంది. కానీ 2024లో వచ్చిన గో 10.3కి తెరని వెలిగించే లైటు లేదు, రీమార్కబుల్ 2కీ లేదు. రాత్రిపూట చదివేవాళ్లకి టేబుల్ లైటు తప్పదు. కిండిల్ స్క్రైబ్ 2022, 2024 మోడళ్లు 10.2 అంగుళాలు, 300 పీపీఐ, లైటుంది. ఇవేవీ మీ 15 వేలల్లో రావు.

రంగు ఈ-ఇంక్ చూసి ముచ్చటపడొద్దు. కెలైడో 3 తెరలో నలుపు-తెలుపు 300 అయినా రంగు 150 పీపీఐ మాత్రమే, పైగా రంగు పొర వల్ల తెర మసకగా ఉంటుంది, ఎప్పుడూ లైటు వెయ్యాలి.

#13 కొత్తపేజీ

బాగా అర్థమైంది. ఇప్పటికి 7 అంగుళాల పేపర్‌వైట్‌కే వెళ్తున్నా, నోట్సు అడ్డంగా చదువుకుంటా. పటాలున్న పేజీలకి లాప్‌టాప్ ఉండనే ఉంది. పెట్టె వచ్చాక రిటర్న్ గడువులోపు ఏం చూసుకోవాలి?

#14 పిక్సెల్_పంతులు

గడువు లెక్క మొదలయ్యే ముందే మూడు ఫైళ్లు కోసి సిద్ధంగా పెట్టుకోండి, ఒక్కో రకంది ఒకటి. వచ్చిన రోజే ఎక్కించి, అన్నిటికన్నా బరువైన స్కాన్‌లో వరసగా 30 పేజీలు తిప్పండి. ఎక్కడైనా వేలాడితే అదే ఫైలుని నలుపు-తెలుపు చేసి మళ్లీ చూడండి, అప్పుడు తేలిపోతుంది తప్పు ఫైలుదా మెషీన్‌దా అని.

తెర కోసం పూర్తి తెల్ల పేజీ ఒకటి, పూర్తి నల్ల పేజీ ఒకటి ఉన్న పీడీఎఫ్ చేసుకోండి. నల్ల పేజీ మీద తెల్ల చుక్కలు, తెల్ల పేజీ మీద కదలని నల్ల చుక్కలు ఉంటే పిక్సెళ్లు చచ్చినట్టు. చీకటి గదిలో లైటు కనిష్ఠంలో పెట్టి కింది అంచు చూడండి. దీపాల దగ్గర కాస్త నీడలు మామూలే, ఒక మూల మొత్తం పసుపు, ఇంకో మూల నీలం అయితే మార్పించండి.

అడ్డంగా తిప్పినప్పుడు బొటనవేలు ఎక్కడ పడుతుందో కూడా చూసుకోండి. పట్టీ సన్నగా ఉంటే పట్టుకున్నప్పుడల్లా పేజీ తిరిగిపోతుంది.

#15 బీరువా_మూల

గట్టి అట్ట ఉన్న కవర్ కూడా అదే రోజు ఆర్డర్ పెట్టండి. ఈ తెరల్లో చాలావాటికి వెనక ఉండేది పల్చటి గాజు. బ్యాగులో టిఫిన్ డబ్బా మూల ఒత్తుకుంటే పైకి గీత కూడా పడదు, లోపల పగులుతుంది. ఆన్ చేస్తే సగం తెర చారలు చారలుగా నిలిచిపోతుంది. అది వారంటీలో రాదు.